ఏ ఆయన?

ముకుందం స్టీలు స్కేలును ఒక వరుస కిందికి జరిపి, అక్కడి వాక్యాన్ని పెదవులతో చదివాడు. గొంతు బయటికి రాదు, పెదవులు మాత్రం కదులుతాయి. పెదవులకు అడ్డం తగిలిన చోట వాక్యంలో ఏదో పొరపాటు ఉంటుందని అతని నమ్మకం. కంటికి అలవాటైతే తప్పు కూడా ఒప్పులాగే కనిపిస్తుంది. నోటికి ఆ మొహమాటం లేదు.

చేవెళ్ల బస్టాండు ఎదుటి సందులో అతని అన్నగారి కిరాణం కొట్టు ఉంది. దాని మీది గదిలో అతనుంటాడు. కింద మిరపకాయల బస్తా విప్పినప్పుడల్లా ఘాటు మెట్లెక్కి వచ్చి అతన్ని తుమ్మిస్తుంది. సన్నటి మనిషి. ఎవరి భుజం మీది నుంచో తొంగిచూస్తున్నట్టు మెడ ఎప్పుడూ ముందుకు వంగి ఉంటుంది. ఎడమ కనుబొమ కుడిదానికంటే కాస్త పైన నిలిచిపోయింది. కొత్తవాళ్లు అతను తమని అనుమానిస్తున్నాడని అనుకుంటారు. పెన్సిలు ఒత్తుకొని ఒత్తుకొని నడిమి వేలు మొదటి కణుపు మీద చిన్న గుంట పడింది.

వదిన చాయ్ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టింది. "పొద్దుగాల్నుంచి గీతలు గీసుడేనా? ఎవరో రాసిండ్రు, ఎవరో సదువుతరు. నడుమ నీకేం వచ్చిందయ్యా గింత తిప్పలు?"

"నడుమ ఎవరన్న ఉండాలె గదా వదినా."

"ఉండు, ఉండు. చాయ్ మాత్రం చల్లగ చేసుకోకు."

కొట్టులో కూర్చోవలసిన కొడుకు హైదరాబాదులో ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ ఉండిపోయాడని తండ్రి బతికినన్నాళ్లూ బాధపడ్డాడు. ఆ ప్రెస్సు మూతపడ్డాక ముకుందం ఊరికి తిరిగొచ్చాడు. అప్పటికి అతని పని ప్రూఫులు దాటి పోయింది. నవలలు రాసేవాళ్లు కాగితాలు పంపుతారు. ఈ మనిషికి ఇంత కోపం రావడానికి కారణం కథలో లేదు, ఈ అధ్యాయం మీకు కావాలి గానీ కథకు అక్కర్లేదు, నాలుగు పేజీలు ఆ పిల్ల మనసులో కూర్చున్నారు, ఒక్కసారిగా పెళ్లికొడుకు మనసులోకి ఎందుకు దూకారు అని అతను అంచుల్లో రాసి పంపిస్తాడు. కొందరు దిద్దుకుంటారు. కొందరు తిట్టి ఊరుకుంటారు. ఏ పుస్తకంలోనూ అతని పేరుండదు. ఉండకపోవడంలో ఒక హాయి ఉందని అతను చాలా ముందే కనిపెట్టాడు. ఇంకొకరి ఇంట్లో చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా తిరిగి, వంకరగా ఉన్న పటం సరిచేసి బయటికి వచ్చేసినట్టుంటుంది.

ఫోను మోగింది. సురంగల్ నుంచి, నవల రాసిన సుగుణమ్మ.

"సారు, నేను మొయినాబాద్‌కు బైలెల్లిన. ఎస్తేర్ దుకాన్ల కూసుంట. నా కాయితాలన్ని నాకు ఇచ్చెయ్యుండ్రి. నాకు బుక్కు వద్దు."

"ఏమైందమ్మా?"

"వచ్చినంక చెప్త," అని పెట్టేసింది.

చాయ్ తాగకుండానే చెప్పులేసుకున్నాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచీలో ఉన్న ఆమె నవల ప్రతిని ఒళ్లో పెట్టుకున్నాడు. సాయంత్రానికి అది ప్రెస్సుకు వెళ్లాలి. పుస్తకాలు వెనక్కి తీసుకుపోయినవాళ్లు ఇంతకుముందూ ఉన్నారు. వాళ్లు వెళ్లాక అతను హాయిగా నిద్రపోయాడు కూడా. ఈ నవల అట్లా కాదు. సుగుణమ్మ బడిలో చదివింది తక్కువ. టమాట, పాలకూర పండించుకుంటూ, మొగుడు పోయిన తర్వాత, తమలాంటి ఒక రైతు జంట కథ రాసింది. భార్యకు అంతమ్మ అని పేరు పెట్టింది. ఆ కథలో అంతమ్మ చీకటితో లేచి, చేత్తో తడిమి పండిన కాయ ఏదో తెలుసుకునే చోట ముకుందం పెన్సిలు కింద పెట్టి ఊరికే చదివాడు. అట్లా చదివి చాలా ఏళ్లయింది. ఇప్పుడామె ఆ కాగితాలు పట్టుకుపోతే అవి అటకెక్కుతాయి, మరి దిగవు. కథలోని అటువంటి మనుషులను ఒకసారి చూసి, మళ్లీ చూడకుండా ఉండటం తన వల్ల అవుతుందా అని తనను తాను అడిగి చూసుకున్నాడు.

ఎక్కడ పొరపాటు జరిగిందో అతనికి లోపల తెలుస్తూనే ఉంది. ఆ నవలలో అంతమ్మ మొగుడికి పేరు లేదు. ఎక్కడ చూసినా 'ఆయన'. మామ కూడా ఆయనే, డాక్టరూ ఆయనే, నీళ్ల మోటరు బాగు చేయవచ్చినవాడూ ఆయనే. ఒక పేజీలో మోటరు విప్పుతున్న ఆయన మంచం మీద దగ్గుతున్నాడు. ముకుందం అంచులో 'ఏ ఆయన?' అని రాశాడు. మరో పేజీలో మళ్లీ 'ఏ ఆయన?' అలా రాసి రాసి పంపితే, మిగతావన్నీ దిద్దిన సుగుణమ్మ ఆ ప్రశ్నను మాత్రం ముట్టుకోలేదు. చివరికి ముకుందమే ఒక పేరు ఆలోచించి, టైపు చేసే ఎస్తేర్‌కు చెప్పి పెట్టించాడు. జగదీశ్. పలకడానికి సులువు. పేరు లేని మనిషి కథలో తిరుగుతుంటే గొళ్లెం వేయని తలుపు చూసినట్టు ముకుందానికి నిలకడ ఉండదు. అందుకే పెట్టాడు. పాఠకుల కోసమే పెట్టానని అప్పుడు అనుకున్నాడు.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కనే ఎస్తేర్ దుకాణం. జిరాక్సు, టైపు, పెళ్లికార్డులు. ఎస్తేర్ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకొని టైపు చేస్తోంది. "అరుణ్, పాప టిఫిన్ డబ్బా నీ బండిలనే ఉన్నది, చూడు. అరుణ్, వింటున్నవా? ఓ అరుణ్!"

ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు లోపలికి ముడుచుకొని సుగుణమ్మ కూర్చుంది. ఎండకు కాలిన చేతులు, టమాట మొక్కల పసరుతో నల్లబడిన వేళ్లు. కళ్లద్దాల కాడకు దారం చుట్టి ఉంది. ఫోనులో ఎస్తేర్ మొగుణ్ణి పిలిచినప్పుడల్లా ఆమె రెప్పలు ఒకసారి కొట్టుకుంటున్నాయి.

"సారు," అంది ముకుందాన్ని చూడగానే, "గా జగదీశ్ ఎవడు?"

ముకుందం నిలబడే ఉన్నాడు.

"నా ఇంట్ల తిరుగుతున్నడు సారు. పొద్దుగాల లేసి వాకిట్ల పండ్లు తోముకుంటడు. నా మంచం మీద పంటడు. నిన్న రాత్రి, ఎస్తేర్ ఇచ్చిన కాయితాలల్ల రెండు పేజీలు సదివి బోర్లేసిన. పరాయి మగోడు ఇంట్ల జొర్రినట్టు అనిపించింది."

ఎస్తేర్ నవ్వు ఆపుకోలేకపోయింది. "నేను చెప్పిన గద సార్. ఫస్ట్ టైమ్ 'ఆయన' అని ఉన్నయన్నీ ఒక్క దెబ్బకు మార్చినప్పుడు పైనున్న దేవుడు కూడ జగదీశే అయిండు. 'పైనున్న జగదీశ్ అన్నీ చూస్తడు' అని వచ్చింది."

"అది నేను దిద్దిన," అన్నాడు ముకుందం నీరసంగా.

"దేవుణ్ణి దిద్దినవు, నా మనిషిని దిద్దకపోతివి," అంది సుగుణమ్మ. ఆమెకు కూడా నవ్వు వచ్చింది, కానీ చేయి చాపే ఉంది. "కాయితాలు."

ముకుందం సంచీ ఇవ్వలేదు. ఎదురుగా స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "ఆ పేరు వద్దు. మీకు నచ్చిన పేరు చెప్పుండ్రి."

"ఏ పేరైనా అంతే సారు. మొగని పేరు పెండ్లాం తియ్యది. మా అవ్వ తియ్యలే, నేను తియ్యలే."

"రాసేది మీరు కాదమ్మా, కథ. కథకు మొగుడుండడు."

"కథ రాసిన చెయ్యి నాది గాదా?"

ముకుందం స్టూలు కాస్త ముందుకు జరుపుకున్నాడు. ఇంకో దారి చూశాడు. "పోనీ అంతమ్మను తీసేసి 'నేను' అని రాద్దాం. నేను అన్నప్పుడు ఆయన అంటే మొగుడే. ఎవరూ తికమక పడరు."

"అమ్మో. నేను అంటే ఊరంత నన్నే చూస్తరు. అంతమ్మ ముందల ఉంటె నేను ఎనక సాటుకు కూసోని చెప్తున్న. గంతే."

ముకుందం ఆమె వైపు చూశాడు. చాటు. తనకు తెలిసిన మాట. యాభై మంది కథల చాటున ఇన్నేళ్లు కూర్చున్నవాడికి ఆ మాట వివరించి చెప్పక్కర్లేదు. వాదించాలన్న ఆత్రం తగ్గింది. ఎడిటరుగా అడగాలనుకున్నవన్నీ పక్కన పెట్టి, ఊరికే అడిగాడు.

"మరి ఆయన్ను మీరు ఎట్ల పిలిచేటోళ్లు?"

"పిల్లలైనంక పిల్ల పేరు పెట్టి, 'అక్షిత బాపూ' అనేదాన్ని. అంతకుముందు యేండ్లకొద్ది పిల్లలు లేకపాయె."

"అప్పుడు?"

సుగుణమ్మ ముక్కు మీద కొంగు పెట్టుకుంది. "చెప్తే నవ్వుతరు."

"చెప్పమ్మా, ఏం నవ్వం," అంది ఎస్తేర్, అప్పటికే నవ్వుతూ.

"ఎద్దును పిలుస్తుంటి. పాండు అని ఒక ఎద్దుండె మాకు. చేను అవుతల ఆయన నాగలి దున్నుతుంటె నేను సద్ది పట్టుకపోయి ఒడ్డు మీద నిలవడి, 'ఓ పాండూ!' అని కేక పెడుతుంటి. ఎద్దు తిరగకపొయ్యేది. ఆయన తిరుగుతుండె."

ముకుందానికి ఏదో గుర్తొచ్చి సంచీలోంచి పాత ప్రతి తీసి తిప్పాడు. నడిమి అధ్యాయంలో ఒక చోట ఎద్దును అమ్మేసిన సంగతి రెండు వాక్యాల్లో ఉంది. ఆ వాక్యాల మీద తన గీత. పక్కన తన చేతిరాత: 'ఈ ఎద్దు కథకు అనవసరం.'

ప్రతిని మెల్లగా మూసేశాడు. చెవులు వేడెక్కాయి.

"దవాఖాన అధ్యాయంలో," అన్నాడు, "చీటి రాసే అమ్మాయి పేషెంటు పేరు అడుగుతది. 'పేరు చెప్పారు' అని రాసిండ్రు. వెంటనే కథ డాక్టరు మనసులోకి పోతది. ఎవరు చెప్పిండ్రు పేరు?"

సుగుణమ్మ నేల చూసింది. వేళ్లు కుర్చీ అంచును పట్టుకున్నాయి.

"మా మరిది బండి పెట్టనీకి పోయిండు. నేను అటు సూసిన, ఇటు సూసిన. ఎవరు లేరు. ఎనక మంది తోస్తుండ్రు. ఆ పిల్ల, 'పేరు చెప్పమ్మా, నోరు లేదా?' అంటది. పాండు అన్న."

"ఎద్దు పేరా?" ఎస్తేర్ చేయి కీబోర్డు మీద ఆగిపోయింది.

"నోటికి గదే వచ్చింది బిడ్డా. ఆయన స్ట్రెచర్ బండి మీద కండ్లు మూసుకోని పండుకోని ఉండె. పాండు అనంగనే తల ఇటు తిప్పిండు. నన్ను సూసి, మూతి జర వంకర పెట్టి నవ్విండు. మంచం కాడ అట్ట మీద గదే పేరు రాసిండ్రు. నర్సమ్మ వచ్చి, 'పాండూ, నోరు తెరువు' అంటె తెరుస్తుండె. నా దిక్కు సూసి తెరుస్తుండె. రెండో నాడు తెల్లారగట్ల నర్సమ్మ వచ్చి, పాండూ అని పిలిచింది. తిరగలే."

బయట రోడ్డు మీద బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"గిది ఎందుకు రాయలేదమ్మా?" అని అడిగాడు ముకుందం.

"గిదేం కథ సారు? రాస్తే నవ్వరా?"

"నవ్వాలె. నవ్వినంక అసలు సంగతి తెలుస్తది."

అప్పుడు అతనికి నవల మొత్తం ఒక్కసారిగా కనిపించింది. ఒడ్డు మీది కేక మొదటి అధ్యాయంలో ఉండాలి. మామను మామ అనాలి, మోటరు బాగుచేసేవాడికి ఏదో ఒక పేరు, డాక్టరు డాక్టరే. అందరికీ పేర్లిచ్చేస్తే 'ఆయన' ఒక్కడికే మిగులుతుంది, అదే అతని పేరవుతుంది. దవాఖానలో కథ డాక్టరు మనసులోకి పోకూడదు, మంచం దగ్గరికి కూడా తొందరపడి పోకూడదు. అంతమ్మతో పాటు ఆ కౌంటరు దగ్గర, తోస్తున్న జనంలో నిలబడాలి. ఇదంతా అతను గబగబా చెప్పాడు. చెబుతూ చెబుతూ మెడ ఎత్తి కూర్చున్న సంగతి గమనించుకోలేదు.

"జగదీశ్?" అంది సుగుణమ్మ.

"పోతడు. ఇయ్యాల్నే పోతడు."

కుర్చీ అంచు పట్టుకున్న ఆమె చేతులు ఒళ్లోకి వచ్చాయి. భుజాలు కిందికి దిగాయి. "గట్లయితే బుక్కు రానియ్యి," అంది.

ఆమె చెప్పింది, ఎస్తేర్ టైపు చేసింది. ముకుందం ఒక్క మాట కూడా మార్చలేదు. అప్పుడప్పుడు, "మీరు ఎటు దిక్కు నిలవడ్డరు? ఆయన మొకం కనవడ్తదా అక్కడికి?" అని మాత్రం అడిగాడు. కనపడనిది ఉంటే ఆమే తీసేయమంది. నడుమ ఎస్తేర్ చాయ్ తెప్పించింది.

"మీ ఇంట్ల ఆమె మిమ్మల్ని ఏమని పిలుస్తది సారు?" అని అడిగింది సుగుణమ్మ.

"పిలిచేటోళ్లు లేరమ్మా. పెండ్లి చేసుకోలే."

"గట్లనా," అని ఆమె బిస్కెట్ల పొట్లాం అతని వైపు జరిపింది.

తర్వాత ఎస్తేర్ అడిగింది. "జగదీశ్‌ను ఒక్కసారే తీసెయ్యనా సార్?"

"వద్దు. ఒక్కొక్కటి చూసి తీద్దాం."

జగదీశ్ వాకిట్లోంచి లేచాడు. మంచం మీది నుంచి లేచాడు. నాగలి పక్కనుంచి తప్పుకున్నాడు. ముకుందం తనకు తెలియకుండానే అతనికి ఒక తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల ఇచ్చి ఉన్నాడు. ఆ మనిషి ఏ గొడవా పెట్టుకోకుండా పేజీ తర్వాత పేజీ ఖాళీ చేస్తూ పోయాడు. పాపం, అనుకున్నాడు ముకుందం, అతని తప్పేముంది, నేను తీసుకొస్తే వచ్చాడు. చివరి పేజీలో చివరి జగదీశ్ పోయినప్పుడు ఎస్తేర్ మరోసారి వెతికించింది. తెర మీద ఏమీ దొరకలేదని వచ్చింది. గుండెల మీద నుంచి ఎవరో లేచి వెళ్లినట్టయి ముకుందం పొడుగ్గా ఊపిరి వదిలాడు. ప్రెస్సువాళ్లకు ఫోను చేస్తే, రేపు పంపినా ఫరవాలేదన్నారు.

పొద్దు వాలుతుండగా సురంగల్ ఆటో వచ్చి ఆగింది. అందులో ఒక్క మనిషికే చోటుంది. డ్రైవరు తొందర పెడుతున్నాడు. సుగుణమ్మ కొంగు దోపుకొని ఎక్కి, మళ్లీ తల బయటికి పెట్టింది.

"సారు! ఎద్దును మళ్ల కొట్టెయ్యకుండ్రి."

"కొట్టెయ్యనమ్మా. భయపడకుండ్రి."

ఆటో రోడ్డు దాటి మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. లోపలికి వచ్చేసరికి ఎస్తేర్ కుర్చీలు సర్దుతోంది.

"సార్, అమ్మ సంచి మర్చిపోయింది."

కాగితాలు కట్టుకుపోవడానికి తెచ్చుకున్న గుడ్డ సంచి. ఇస్త్రీ చేసిన మడతలు ఇంకా విప్పనే లేదు. దాని చుట్టూ సుతిలి దారం చుట్టి ఉంది. ఆమె ఇంతసేపూ దాని మీదే కూర్చున్నట్టుంది, కుర్చీలో అది పలచగా, వెచ్చగా ఉంది.