ఆరేదాకా ముట్టుకోవద్దు

షెడ్డులో నన్ను ‘రెండో పూత’ అంటారు. కార్లకు రంగు వేసే పని నాది. ఎవరెంత తొందరపెట్టినా రెండో పూత పడందే బండిని బయటికి పంపను, అందుకు వచ్చిన పేరది. రెండు నెలల క్రితం నాకు పెళ్ళయినప్పుడు, పెళ్ళికూతురికి అది రెండో పెళ్ళని తెలిసి ఆ పేరు పట్టుకుని షెడ్డంతా పదిరోజులు పడీపడీ నవ్వారు. నవ్వుకోనీ. నలభై నాలుగేళ్ళకు నాకు ఇల్లాలూ, పదకొండేళ్ళ కూతురూ ఒకేసారి దొరికారు.

కూతురని నేను అనుకోవడమే, ఆ పిల్ల ఇంకా ఒప్పుకోలేదు. ఇంట్లో బుడ్డి అంటాం. నా భుజం దాకా ఎదిగింది, అయినా బుడ్డే. తనకు నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న జ్వరంతో పోయాడు. వాళ్ళమ్మ సిటీ బస్సు నడుపుతుంది, తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళాలి, అందుకని పిల్ల వేరే ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగింది. మా పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ పళ్ళెం పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుని తింటుంది. నన్ను ఏ పిలుపుతోనూ పిలవదు. ఏదైనా కావలసి వస్తే ఎదురుగా వచ్చి నిలబడుతుంది, నేను తలెత్తేదాకా.

తెచ్చుకున్న అట్టపెట్టె కూడా ఇంకా విప్పలేదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు గుండెల్లో రాయి పడేది. ఉండదలచుకున్న మనిషి పెట్టె విప్పకుండా ఉంటుందా?

సెలవులయ్యాక సోమవారం బళ్ళు తెరుస్తారు. ఇక్కడ ఒక బళ్ళో సీటు ఉంది, అమ్మమ్మ అక్కడి బళ్ళో కూడా సీటు మాట్లాడి ఉంచింది. పిల్ల వస్తానంటే శనివారం వచ్చి తీసుకుపోతుంది. గురువారం పొద్దున్న మా ఆవిడ బూట్లు వేసుకుంటూ బుడ్డితో తేల్చి చెప్పింది: “రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చి అడుగుతాను. నువ్వు ఏది చెప్తే అదే. అమ్మమ్మకి అప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తా.”

గుమ్మం దాటాక నన్ను బయటికి పిలిచింది. “మీరేం బతిమాలకండి. ఉపన్యాసాలు అసలే వద్దు. ఫ్రిజ్‌లో సాల్మన్ చేప ఉంది, దానికది ఇష్టం. చేసి పెట్టండి చాలు. ఎలా చెయ్యాలో కాగితం మీద రాసి అంటించాను. ఇరవై నిమిషాల పని.”

“ఉండిపోమని ఒక్కమాట కూడా అనొద్దా?”

“అంటే మొహమాటానికి ఉంటుంది. అది నాకొద్దు.”

సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వచ్చి, చేతులకున్న రంగు వదిలేదాకా రుద్దుకుని వంటింట్లో అడుగుపెట్టాను. బుడ్డి గది తలుపు వేసి ఉంది. ఫ్రిజ్ తలుపుకి కాగితం. పైన కావలసినవి: మూడు చేప ముక్కలు, రెండు చెంచాల తేనె, మూడు చెంచాల సోయా సాస్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర నిమ్మచెక్క. కింద ‘పూత కలుపుకోవాలి’ అని ఉంది. అంతవరకు చదివి ఆపేశాను. పాతికేళ్ళుగా పూతలు వేసేవాడికి పూత గురించి ఇంకొకరు చెప్పాలా?

బియ్యం కుక్కర్లో పడేశాను, బీన్స్ తరిగి ఇంకో పొయ్యి మీద ఉడకేశాను. చేప ముక్కలను కాగితంతో తుడిచి ఉప్పూ మిరియాల పొడీ అద్దాను. ఇక అసలు పని. పొయ్యి వెనక గోడకీ, గట్టుకీ పాత పేపర్లు పరిచి టేపు అంటించాను, మంటకు దూరంగానే. చిందితే గోడ పాడవుతుంది కదా. తేనె, సాస్, నిమ్మరసం, నూరిన వెల్లుల్లి ఒక గిన్నెలో కలిపాను. పుల్ల ముంచి పైకెత్తి, చుక్కలు ఎంత సేపటికి తెగుతున్నాయో చూశాను. చిక్కదనం బాగా కుదిరింది. సంచిలోంచి ఇంకా కవరు విప్పని కొత్త బ్రష్షు తీశాను.

చేతిలోకి బ్రష్షు వచ్చిందంటే రెండో చెయ్యి మాస్కు వెతుక్కుంటుంది. మామూలు గుడ్డముక్క కాదు, రెండు వైపులా బొగ్గు డబ్బాలుండే మాస్కు. అది పెట్టుకుంటే పక్కన పెట్రోలు ఒలికినా తెలియదు. వంటింట్లో దాని అవసరమేంటని ఆ క్షణాన నాకు తట్టనే లేదు, పెట్టేసుకున్నాను.

మొదటి పూత పల్చగా వేసి ఏడు నిమిషాలు ఆగాను. రెండో పూత, మళ్ళీ ఏడు నిమిషాలు. మూడోది కూడా వేశాను, కిందా పైనా పక్కలా ఎక్కడా ఖాళీ వదల్లేదు. ముక్కలు ఎంత నిగనిగలాడాయంటే షెడ్డులో మేస్త్రీని పిలిచి చూపించాలనిపించింది. పెనంలో నూనె పోసి మంట పెద్దది చేసి, మూడు ముక్కలూ తోలు వైపు కిందికి పెట్టాను. వేడి పెట్టాక కదిలించకూడదన్నది మా షెడ్డు సూత్రం. బ్రష్షు ఎండిపోకముందే కడగాలన్నది ఇంకోటి. పొయ్యికి వీపు పెట్టి, కుళాయి కింద బ్రష్షు వెంట్రుక వెంట్రుకా విడదీసి కడుగుతూ నిలబడ్డాను.

గది తలుపు దబ్బున తెరుచుకుంది.

“పొగ! మీకు వాసన రావట్లేదా?”

వెనక్కి తిరిగేసరికి బుడ్డి పొయ్యి కట్టేసి, గరిటెతో పెనాన్ని పక్కకు తోసేసింది. కిటికీ తీసింది. వంటిల్లంతా నల్లటి పొగ. నేనేదో అన్నాను. మాస్కులోంచి నాకే అర్థం కాలేదు. ఆ పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసింది. మాస్కు, చేతిలో బ్రష్షు, గోడకు పేపర్లు, టేపులు. ముక్కులోంచి ఒక నవ్వు వచ్చింది. వెంటనే పెదాలు బిగించేసుకుంది.

మాస్కు తీశాను. అప్పుడు తగిలింది వాసన, తేనె మాడిన వాసన.

గరిటెతో ముక్క ఎత్తి చూశాను. కింద బొగ్గు. పైన పచ్చి. గంటకు పైగా కష్టపడి ఆ పిల్లకు ఇష్టమైన ఒక్క వంటనీ తగలబెట్టాను. చేప పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ పిల్ల వెళ్ళిపోకూడదని ఆ క్షణాన నాకు ఎంత గట్టిగా అనిపించిందంటే, మా ఆవిడ వద్దన్న ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

బుడ్డి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి కాగితం చదివింది. “‘తోలు వైపు నాలుగు నిమిషాలు, సన్నని సెగ. తిప్పి రెండు నిమిషాలు. పూత ఆఖర్న పొయ్యాలి.’ ఆఖర్న అన్నదానికింద అమ్మ రెండు గీతలు కూడా కొట్టింది.”

“గీతలు చూడలేదు.”

“చదవలేదు,” అని సరిచేసింది.

కోపం రాలేదు. నిజమే కదా. “సరే, ఇప్పుడు చూడు,” అన్నాను. పాడైన పూతను గీకేసి మళ్ళీ వేయడం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అది మాత్రం గొప్పకు చెప్పడం లేదు. మాడిందంతా తోలే. చాకు మొన తోలుకింద దూర్చి ఒక చివర్నుంచి మెల్లగా లాగితే బొగ్గుతో సహా అట్టలా ఊడి వచ్చింది. లోపల చేప శుభ్రంగా గులాబీ రంగులో ఉంది. మూడింటికీ అలాగే తీశాను. పైనున్న తేనెను తడి కాగితంతో తుడిచాను. బుడ్డి అడగకుండానే పెనం తోమి పొయ్యి మీద పెట్టింది.

ఈసారి సన్నని సెగ. పచ్చిగా ఉన్న వైపు కిందికి. బుడ్డి గోడగడియారం చూస్తూ నిమిషాలు చెప్పింది, నేను తిప్పాను. గిన్నెలో మిగిలిన పూత చుట్టూ పోసి, చెంచాతో తీసి ముక్కల మీద మళ్ళీ మళ్ళీ పోశాను. బుడగలు చిన్నవిగా మొదలై పెద్దవయ్యాయి. పూత చిక్కబడి చెంచాకు అంటుకుంది.

“చాలు, చాలు, ఆపండి,” అంది. ఆపాను. పళ్ళెంలోకి తీశాను. ఎర్రగా, తళతళా ఉన్నాయి. ఒక ముక్క అంచు తుంచుకోవడానికి బుడ్డి వేలు చాపింది.

“ముట్టుకోకు! కాస్త ఆరనీ!” అని అరిచాను. షెడ్డులో ఎలా అరుస్తానో అలాగే.

చెయ్యి వెనక్కి పోయింది. అంతసేపూ విచ్చుకుంటూ వచ్చిన మొహం మళ్ళీ మూసుకుపోయింది.

“ఎప్పుడు ముట్టుకోవచ్చో ఈసారైనా చెప్తారా?”

“ఈసారైనా అంటే?”

“గోడ.”

ఏ గోడ అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. పిల్ల వస్తుందని తన గదికి నేనే లేతాకుపచ్చ రంగు వేశాను. మూడు పూతలు. వచ్చిన రోజు సామానుతో గుమ్మంలో నిలబడితే, మొదట నా నోట వచ్చిన మాట అదే: “రంగు పచ్చిగా ఉంది. ఆరేదాకా గోడ ముట్టుకోవద్దు, మేకులు కొట్టొద్దు. నేను చెప్తాను.” షెడ్డులో అదే పద్ధతి. ‘ఆరింది’ అనే మాట నా నోట వస్తే తప్ప బండి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. బండి అయితే మర్నాడు పోవాలి గనక చెప్తాను. గది ఎక్కడికీ పోదు కదా, మరిచిపోయాను. కిటికీ అంచున అంటించిన టేపు కూడా ఇంకా అలాగే ఉంది.

“రెండు నెలలైందమ్మా. ఆరి ఉంటుందని నీకు తెలియదా?”

“తెలుసు. వారానికే ఆరిందని తెలుసు.” పళ్ళెం వైపే చూస్తూ చెప్పింది. “మీరు చెప్తారని చూశాను. చెప్పలేదు. ఆ పెట్టెలో నాన్న ఫొటో ఉందని అమ్మ మీకు చెప్పే ఉంటుంది, అది గోడకి పెట్టడం మీకు ఇష్టం లేదేమో అనుకున్నా. అమ్మమ్మ వాళ్ళింట్లో గోడకే ఉండేది.”

మా ఆవిడ నాకేమీ చెప్పలేదు. చెప్పే పని కూడా కాదది, చూడవలసిన పని. రెండు నెలలు ఆ పెట్టెను చూసి నేను కుమిలిపోయానే గానీ అందులో ఏముందని ఒక్కసారి అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఆరింది,” అన్నాను. “ఎప్పుడో ఆరింది. చెప్పకపోవడం నాదే తప్పు. పద, ఇప్పుడే పెడదాం.”

“ముందు తిందాం. చల్లారిపోతుంది.”

పనిముట్ల సంచి తెచ్చి బల్ల మీద పెట్టాను. బుడ్డి తన పళ్ళెం పట్టుకుని వచ్చి, సంచి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మేకులు ఏరుతూ, మధ్యమధ్యలో తింటూ, ఏది ఎంత బరువు మోస్తుందని అడిగింది. నేను ఎదుటి కుర్చీలో కూర్చుని తిన్నాను. అంచున ఒక చోట చేదు మిగిలింది. మిగతాదంతా బాగుంది, అబద్ధమెందుకు. మూడో ముక్క వాళ్ళమ్మ కోసం పళ్ళెంలో ఉంచి మూత పెట్టాం.

ఫొటో తువ్వాల్లో చుట్టి ఉంది. చొక్కా జేబులో పెన్నుతో ఒక బక్కపల్చని మనిషి, ముక్కు అచ్చం బుడ్డిదే. మంచం ఎదురుగా ఉన్న గోడ చూపించింది. మట్టం పెట్టి గీత గీశాను. సుత్తి నేను తీసుకోబోతే ఇవ్వలేదు.

“నేను కొడతా. నువ్వు మేకు పట్టుకో.”

పట్టుకున్నాను. మూడో దెబ్బ పక్కకు పడింది. బొటనవేలంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. బుడ్డి సుత్తి గాల్లోనే ఆపి నా మొహంలోకి చూసింది. ఎవడైనా నా రంగు మీద గోరు ఆనిస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తాను, షెడ్డువాళ్ళ మీద ఫోన్లో అరుస్తుంటే ఆ పిల్ల విన్నదే.

“ఇంకో దెబ్బ వెయ్యి,” అన్నాను. “మేకు ఇంకా లోపలికి పోవాలి.”

ఫొటో తగిలించేసరికి వీధి తలుపు చప్పుడైంది. మా ఆవిడ యూనిఫాంలోనే వచ్చి గది గుమ్మంలో ఆగిపోయింది. గోడ మీద ఫొటో చూసింది, మంచం మీద పెచ్చు చూసింది, విప్పిన పెట్టె చూసింది. పొద్దున్న అడుగుతానన్న మాట అడగబోయింది.

బుడ్డి వాళ్ళమ్మ వైపు చూడలేదు. పెచ్చు ఊడిన చోటు వేలితో తడుముతూ నన్ను అడిగింది. “దీన్ని ఎప్పుడు పూడుస్తావు?”

“ఆదివారం. పూడ్చి రంగు వేస్తా.”

“ఆరడానికి?”

“ఒక రోజు. ఈసారి టైము చెప్తున్నా విను. సోమవారం సాయంత్రం నాలుగింటికి ముట్టుకోవచ్చు.”

“సరే,” అంది బుడ్డి. “బడి నుంచి రాగానే ముట్టుకుని చూస్తా.”

మా ఆవిడ జేబులోంచి ఫోను తీసి, వాళ్ళమ్మకు కలిపింది.

“అమ్మా, శనివారం నువ్వు రానక్కర్లేదు,” అని చెప్పి, అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి తన పళ్ళెం మీద మూత తీశాను.