కనబడని జాలి

“వైశాలీ! గా ఓవెన్ బంద్ చెయ్! మీటింగ్‌ల నా మాట తెగుతుంది!”

పక్కగదిలోంచి భర్త బాలకృష్ణ అరుపు. వైశాలి వేడి చేస్తున్నది అతని ఉప్మానే. మైక్రోవేవ్ ఓవెన్ తిరిగినంతసేపూ వైఫై తడబడుతుందని ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. టేబుల్, కుర్చీ ఉన్న గది అతనిది. ఆమె ఆఫీసు వంటింట్లో, బియ్యం డబ్బా మీద. అదే ఓవెన్ వల్ల ఆమె మాట తెగితే ఎవరికీ ఫికర్ లేదు. ఉప్మా చల్లారితే మాత్రం ఇల్లంతా వేడెక్కుతుంది.

హైదరాబాద్‌లోని ఓ అద్దాల కంపెనీకి ఆమె బాన్సువాడ నుంచే డిజైన్లు చేస్తుంది. దవాఖానాల్లో యంత్రాలుండే గదుల కిటికీలకు ప్రత్యేకమైన అద్దాలు. బయటి ఫోన్ల, వైఫైల సిగ్నళ్లు లోపలి యంత్రాలను తికమక పెట్టకుండా అద్దంలో సన్నటి లోహపు జాలి పరవాలి. జాలి దట్టమైతే సిగ్నల్ ఆగుతుంది గానీ, బయటినుంచి చూసే డాక్టరుకు రోగి మొహం మసకబారుతుంది. పలచనైతే మొహం కనిపిస్తుంది, సిగ్నల్ దూరిపోతుంది. జాలి గీతను వెంట్రుక కంటే సన్నం చేసి, కన్నం కొలత కుదిర్చి, రెండూ సాధించింది వైశాలి. తయారైన అద్దాన్ని చూసి “ఇందులో జాలి ఏదీ?” అని కంపెనీవాళ్లే వెతుక్కున్నారు. ఆ రోజు ఎంత గర్వపడిందో!

“మా కోడలు అద్దాలకు జాలి గొడ్తది” అని అత్త పోసవ్వ వాడకట్టంతా చెబుతుంది. కోడలి మీద మాత్రం ఏనాడూ జాలి పడలేదు.

ఆ డిజైన్ బృందానికి పెద్ద ఎవరో తేల్చే మీటింగ్ ఈరోజే. “రేపటికి జరుపుకోరాదు? నీదెట్లనన్న ఇంట్ల పనే గద” అన్నాడు పొద్దున బాలకృష్ణ. తనదీ ఇంట్లో పనేనని గుర్తులేదు మహానుభావుడికి. ఇదివరకోసారి ఇలాంటి మీటింగునే వెనక్కి జరిపింది. ఆమె తర్వాత చేరిన సాయికిరణ్ వేరే బృందానికి పెద్దయ్యాడు. ఇక చాలనుకుంది.

ఓవెన్ ఆపి, ల్యాప్‌టాప్ తీసుకుని ముందుగదిలోకి నడిచి, టీవీ కట్టేసింది.

“ఏందే, నా సీరియల్!” అంది పోసవ్వ.

“నాకు మీటింగ్ ఉంది అత్తమ్మా. జరసేపు బయట కూసోన్రి.”

“మరి వాని ఉప్మా?”

“ఓవెన్ల ఉంది. ఆయనకు చేతులున్నయి గద.”

మీటింగ్‌లో కంపెనీ పై అధికారి భాగ్యశ్రీ మేడమ్ అద్దాన్ని తెగ మెచ్చుకుంది. “బృందాన్ని మీకే అప్పజెప్పాలనుకుంటున్నాం. కానీ తరచూ హైదరాబాద్ రావాలి, వేళకాని వేళ ఫోన్లొస్తాయి. ఇంట్లో అడిగి చెప్పండి.”

సాయికిరణ్‌ను ఎవరూ ఇంట్లో అడగమనలేదు. వైశాలికి ఒళ్లు మండింది. తల తిప్పి చూస్తే, గుమ్మంలో ఉప్మా గిన్నెతో బాలకృష్ణ, అతని వెనక పోసవ్వ, చెవులు ఇటే పెట్టి నిలబడ్డారు. ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది.

“అడిగాను మేడమ్.”

“అప్పుడేనా! ఒప్పుకున్నారా?”

“ఒప్పుకున్నాను.”