ముప్పై దగ్గరే ఆగిన అంకె

మా ఆయన బాత్‌రూమ్ తలుపు మూడోసారి కొట్టారు. దువ్వెన లోపలుంది, ఆయన చెల్లెలూ లోపలే ఉంది.

"మూడు వారాలుగా త్వరగా తెములుతున్నానంటావు. ఎక్కేది మాత్రం ఆ ఎనిమిదిన్నర బస్సే. ఇక ఏం తెమిలినట్టు తల్లీ?"

"తెములుతూనే ఉన్నా అన్నయ్యా, నీకు కనిపించదంతే." తలుపు తీసి, దువ్వెన ఆయన చేతిలో పెట్టి, విసవిసా తన గదిలోకి వెళ్లిపోయింది. ఆయన సగం దువ్విన తలతో తన కళ్లద్దాల దుకాణం తెరవడానికి వెళ్లిపోయారు.

నా ఆడపడుచు చెప్పింది అబద్ధం కాదు. మా వీధి చివర అరగంటకో బస్సు. ఇదివరకు తను అక్కడికి చేరేసరికి ఎనిమిదీ ఇరవై అయ్యేది. ఈమధ్య ఎనిమిదీ రెండుకే చేరుతోంది. ఎనిమిదింటి బస్సు అప్పుడే మలుపు తిరిగిపోతూ ఉంటుంది.

ఈ రోజు మాత్రం ఆఫీసుకి వెళ్లలేదు. ఇంట్లోంచే పనిచేస్తానని చెప్పి కూర్చుంది. టీ తీసుకెళితే కంప్యూటర్ ముందు దవడ కింద చెయ్యి పెట్టుకుని ఉంది. రేవులో క్రేన్ నడపడం నేర్చుకునేవాళ్లకి తెర మీదే ఒక రేవు చూపించే ప్రోగ్రాం తనది. వానపడే దృశ్యం రాగానే క్రేన్ చెయ్యి కుదుపులతో కదులుతోంది. సెకనుకి అరవై బొమ్మలు గీయాలట, ముప్పయ్యే వస్తున్నాయట. సరిచెయ్యడానికి ఇచ్చిన మూడు వారాల గడువు ఈ రోజు మూడింటితో సరి. కాకపోతే బొమ్మల పని ఇంకొకరికిచ్చి, తనని తప్పులు వెతికే విభాగంలోకి పంపిస్తారు. తను చదివింది ఈ బొమ్మల కోసమే.

ఏమేం తగ్గించిందో వరసగా చూపించింది. దూరంగా ఉన్న పెట్టెల నీడలు తీసేసింది. కనపడని గోడలు గీయడం మానేసింది. ఏం చేసినా తెర మూల అంకె ముప్పయ్యే.

"నాకీ పని చేతకాదు వదినా. వాళ్లు పొమ్మనేలోపు నేనే తప్పుకుంటే మర్యాదగా ఉంటుంది."

ఓదార్చడం నాకు రాదు. ఆ అంకె ఎప్పుడైనా ముప్పై ఒకటి అయిందా అని అడిగాను. లేదంది. ఇరవై తొమ్మిది? అదీ లేదు.

"ఇన్ని తీసేసినా ఇసుమంతైనా కదల్లేదంటే, నాకు ఆ అంకె మీదే అనుమానం. మీ అన్నయ్య నీ తెమలడాన్ని బస్సుతో కొలిచినట్టుంది."

తను నుదురు కొట్టుకుని, ఏదో సెట్టింగు ఆపింది. దాన్ని వీసింక్ అంటారట. తెర సెకనుకి అరవైసార్లే కొత్త బొమ్మ అందుకుంటుంది. బొమ్మ ఆ క్షణానికి వెంట్రుకవాసి ఆలస్యమైనా, తర్వాతి వంతు దాకా ఆగాల్సిందే. అలా అరవై కాస్తా ఒక్కసారిగా ముప్పై అయిపోతుంది.

ఆపగానే అంకె యాభై ఎనిమిదికి ఎగిరింది. మూడు వారాల కిందటి ప్రోగ్రాం తీసి అలాగే చూస్తే ముప్పై ఐదు.

అయితే ఇంక ఆపేసే ఉంచమన్నాను. తెర చూపించింది. క్రేన్ చెయ్యి మధ్యలో అడ్డంగా తెగి, పై ముక్క ఒకచోట, కింది ముక్క అంగుళం పక్కన ఉంది. పాత బొమ్మా కొత్త బొమ్మా సగం సగం కనిపిస్తున్నాయి.

"చూడ్డానికి వీసింక్ ఉండాల్సిందే వదినా. కొలిచేటప్పుడు ఆపాలి. మొదటి ఏడాదిలోనే నేర్పిన సంగతి, కంగారులో మర్చిపోయా," అంది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికొచ్చారు. ముగ్గురం కూర్చున్నాం. తను రెండు ముద్దలు తిని, మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"నేను ఆ తప్పులు వెతికే విభాగానికి వెళ్లట్లేదు అన్నయ్యా. మూడింటికి ఫోన్ చేసి ఇంకో రెండు రోజులు అడుగుతా. కొలవడంలో తప్పు నాదేనని చెప్పి, పాత లెక్కా కొత్త లెక్కా రెండూ పంపిస్తా. వాళ్లు తీసేస్తే తీసెయ్యనీ, నా అంతట నేను తప్పుకోను."

మా ఆయన నా వైపు చూశారు. నేను కూర గిన్నె ఆయన వైపు జరిపాను.

"ఇంకా ఎంత తక్కువుందేమిటి?" అని అడిగారు.

"అరవైకి రెండు."

"మరి బస్సుకో?"

"దానికీ రెండే. రేపట్నుంచి ఎనిమిదింటి బస్సుకే వెళ్తా. దువ్వెన నువ్వే ఉంచుకో, జడ బస్సులో వేసుకుంటా."