గాజు జాడీలో తల్లి

కోలారు బంగారు గనుల పక్క ఆండర్సన్‌పేటలో సెలీనా ఇంటి వంటగది కిటికీ పక్కన ఒక గాజు జాడీ ఉండేది. మూతికి పలచటి గుడ్డ, లోపల చల్లారిన చక్కెర టీ, దాని మీద ఊతప్పమంత మందాన తెల్లగా తేలే పొర. ఆ పొరను ఆమె చెల్లెలు మోనికా ‘తల్లి’ అనేది. బెంగళూరుకు ఉద్యోగానికి పోయే మారికుప్పం రైల్లో ఎవరో ఇస్తే తెచ్చి పెంచింది. టీని పులియబెట్టేది ఆ తల్లే. పులిసిన టీని మోనికా సీసాల్లోకి వంచి, ఒకదాంట్లో మామిడి గుజ్జు, ఒకదాంట్లో అల్లం, ఇంకోదాంట్లో నన్నారి అనే సుగంధి వేరు రసం వేసి బిరడా బిగించి, బుస్సుమని పొంగే వేళకు ఇంటిల్లిపాదికీ పోసేది. ఇంటిల్లిపాదీ అంటే ఇద్దరే. సెలీనా భర్త ఏనాడో పోయాడు, మోనికా తన పెళ్లి మాట ఎత్తనిచ్చేది కాదు.

దీన్ని బెంగళూరు వాళ్లు కొంబుచా అంటారట. సెలీనా మాత్రం మొదట్లో ముక్కు మూసుకునేది. “కుళ్లిన టీకి ఇంత సేవ ఏందే? నాకు కాలు నొప్పంటే మందు రాసే దిక్కు లేదు గానీ!” అని సాధించేది. సాధిస్తూనే మామిడి సీసా ఎప్పుడు తెరుస్తారా అని ఓరకంట చూసేది.

అంతలో మోనికా జబ్బుపడి కోలారులో ఆసుపత్రిపాలైంది. మంచం మీద నుంచి ఆమె అడిగేది ఒక్కటే. “తల్లికి టీ పోసినావా అక్కా? దాన్ని సావనీయొద్దు.” సెలీనా ఇల్లు చేరిన ప్రతిసారీ ముందు టీ కాచి, చల్లార్చి, జాడీలో పోశాకే మిగతా పని చూసుకునేది. చెల్లెలిని బతికించడం తన చేతిలో లేదు, జాడీని బతికించడం ఉంది. డాక్టర్లు పెదవి విరిచిన రోజు నుంచి ఆమె మొండితనమంతా జాడీ మీదికే మళ్లింది.

మోనికా పోయింది. శవంతో ఇల్లు చేరేసరికి పక్కింటి ఎవాంజలిన్ తనకిచ్చి పోయిన తాళంచెవితో తలుపులు తీసి, ఇల్లంతా కడిగి పెట్టింది. ఆ వీధిలో చావు కబురు అందగానే ఆ ఇంట్లోని నిలవ నీళ్లు, వండినవి, పులిసినవి అన్నీ పారబోయాల్సిందే. ఏసయ్యను నమ్మి ఎన్ని తరాలైనా ఈ ఆచారాన్ని మాత్రం ఎవరూ వదల్లేదు. పాదిరిగారు కూడా చూసీచూడనట్టు ఊరుకుంటారు. ఎవాంజలిన్ బిందెలు ఒంపింది, దోశపిండి ఒంపింది, జాడీని కూడా ఒంపింది. పైగా శుభ్రంగా తోమి ఎండలో బోర్లించింది.

“దాంట్లో పాచి కట్టిండె అక్కా. పాపం, నీకు యాడ తీరికవుతాది అని నేనే కడిగేసినాను,” అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇంత ప్రేమగా చేసిన మనిషిని ఏమని తిట్టాలి? శవం ముందు చుక్క రాల్చని సెలీనా ఆ టీ ఒంపిన మోరీ కాలవ పక్కన చతికిలబడి, చేతులతో బురద కెలుకుతూ భోరుమని ఏడ్చింది. పొర దొరకలేదు. కాకి ఎత్తుకుపోయిందో, కుక్క తినేసిందో. ఆమెకు మతి చెదిరిందని చూసినవాళ్లు గుసగుసలాడారు.

సమాధి మీద మట్టి ఇంకా ఆరకముందే ఆమెకు నయన గుర్తొచ్చింది. అదే తల్లి నుంచి ఒక పొర తీసి మోనికా తన రైలు స్నేహితురాలు నయనకు ఇచ్చింది. నయన కాన్పుకు ముందే ఉద్యోగం మానేసి, ఇప్పుడు బిడ్డతో బేతమంగళం దారిలో అత్తగారి ఊళ్లో ఉంటోంది. మోనికా పోయిన కబురు ఆమెకు చేరే దారి లేదు. మోనికా ఫోనును సెలీనాయే ఆపేసి బీరువాలో పడేసింది. ఉతికిన చీర కట్టుకుని రాబర్ట్‌సన్‌పేటలో బస్సెక్కింది.

గడపలోనే నయన అత్తగారు, ఊరంతా దొడ్డమ్మ అని పిలిచే ఆవిడ, ఎదురైంది. చేతిలో పురుగుల మేతకు కోసిన రేషం ఆకుల తట్ట. “యాడ నుంచమ్మా? ఇంట్లో పట్టు పురుగులు మేస్తా ఉండాయి. సావింటి నుంచి వచ్చిండేది కాదు కదా? పోయిన పంటలో ఎవరో మైల కలిపినారు, పురుగంతా పోయింది. ఇంగ అట్లాంటి ఇంటి వస్తువు కూడా నా గడప దాటనీను.”

నిజం చెబితే నయన దగ్గరున్న తల్లి కూడా ఈ పూటకే పెంటలో పడుతుంది. సెలీనా తల అడ్డంగా ఊపింది. “లేదమ్మా. మోనికాకు అక్కను నేను. అది పంపించినాది,” అంది.

నయన బిడ్డను చంకనేసుకుని పరిగెత్తుకొచ్చింది. “మోనికక్క ఎట్లుండాది? ఫోను చేస్తే స్విచాఫ్ అంటాది!”

“నీళ్లల్లో పడేసుకున్నాది ఫోను. బాగుండాది. జాడీ నేను పగలగొట్టినానని నా మీద కోపం. నువ్వే పోయి తీసుకొనిరా అని తరిమింది.”

“ఇప్పుడేం ఫ్లేవర్ చేస్తాది?”

“మొన్న జామకాయతో చేసినాది. వద్దే అంటే ఇంటేనా? గొంతులో పోసింది.”

నయన పడీపడీ నవ్వింది. సెలీనా కూడా నవ్వింది. ఒక అబద్ధం తర్వాత ఇంకోటి తన్నుకొస్తోంది, ఆపబుద్ధి కావడం లేదు. మోనికా ఇంకా రైలెక్కి పోతున్నది, అక్క మీద అలుగుతున్నది ఈ ఒక్క ఇంట్లోనే. నయన పొరను విడదీసి పులిసిన టీతో సహా సీసాలో పెట్టి ఇచ్చే దాకా ఆమె అలా చెబుతూనే కూర్చుంది.

బయల్దేరుతుంటే దొడ్డమ్మ పెరట్లోకి పోయి, కనకాంబరాలు కోసి, మాల కట్టి తెచ్చింది. “చెల్లెలికి ఇయ్యి. వాడకముందే తల్లో పెట్టుకోమను.”

“చెప్తానమ్మా,” అంది సెలీనా.

బస్సులో సీసాను ఒళ్లో గట్టిగా పట్టుకుంది. దొడ్డమ్మ కడుపున పెట్టుకుని సాకిన పురుగులకు ఏమన్నా అయితే ఆ పాపం తనదేనని భయం వేసింది. అయినా మూత కింద పొర కదలడం చూస్తుంటే, మోనికా పోయిన తర్వాత మొదటిసారి మనసు తేలికపడింది. చెల్లెలు చెప్పిన మాట నిలబెట్టింది. ఇల్లు చేరగానే ఈ సంగతి చెప్పాలి. ఆటో దిగి గబగబా మెట్లెక్కింది.

“మోనీ! తెచ్చినానే. నీకు పూలు కూడా పంపినారు సూడు,” అని గుమ్మంలోంచే కేక వేసింది.

తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి తన కొంగునే ఉంది.