నా మరిది మాత్ర, నా మాత్ర

జాషువాకు గుడ్డు పొట్టు తీసి పెట్టేది మా అత్త. నీళ్లు కాచేది, మాత్ర ఇచ్చేది నేను. అతను నా మరిది. లేని గొంతులు వినిపించే జబ్బు అతనికి తొంభై ఎనిమిదిలో వచ్చింది, నాకు రెండువేలలో. డాక్టరమ్మ ఇద్దరి చీటీల మీదా స్కిజోఫ్రేనియా అనే రాసింది, ఒకే మాత్ర ఇచ్చింది. ఇంట్లో మాత్రం మాకు పేర్లు వేరు. "వానికి పానం మంచిగ లేదు," అంటుంది అత్త. నన్ను చూపించి, "దీనికి పిచ్చి," అంటుంది. గౌడవెల్లి చర్చిలో ప్రతి ఆదివారం అతని పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. నా పేరు ఎత్తొద్దని అత్తే చెప్పిందట, ఇంటి పరువు పోతుందని.

అతని చేతులు వణికితే ఇల్లంతా పరేషాన్ అయింది. నా చేతిలోంచి గ్లాసు జారితే, "పని ఎగ్గొట్టనీకి నాటకాలు," అంది అత్త. రోగం రావాలన్నా మగవాడై పుట్టాలా అనుకునేదాన్ని. చలికాలంలో ఓ పొద్దున కావాలనే చన్నీళ్లు తోడిపెట్టాను. జాషువా ఆ నీళ్లే పోసుకుని వచ్చి, "వదినా, నీ చేతులు గుడ వణుకుతున్నయేంది?" అన్నాడు. ఆ ఇంట్లో అది చూసినవాడు అతనొక్కడే. చూసే తీరికైనా అతనికి ఉందని అప్పుడూ అసూయే పడ్డాను.

ఆ నెల ఆసుపత్రిలో నా భర్త యేసయ్య తమ్ముడి పక్కన కూర్చుని డాక్టరమ్మకు అన్నీ చెప్పాడు. ఎన్ని గంటలు పడుకున్నాడో, ఎప్పుడు తనలో తానే నవ్వాడో, ఏ కూర వదిలేశాడో. చేతులు వణుకుతున్నాయి, మాత్ర తగ్గించమని బతిమాలాడు. ఆమె తగ్గించింది. నా వంతు రాగానే వెళ్లిపోయేవాడిలా లేచి నిలబడ్డాడు.

"మంచిగనే ఉన్నది మేడం. వండుతాంది, పని జేస్తాంది."

డాక్టరమ్మ పాత మందే రాయబోయింది. నేను రెండు చేతులూ ఆమె కాగితం మీద పెట్టాను. వాటి వణుకుకి కాగితం చప్పుడు చేసింది.

ఆమె కలం ఆపి ఆయన్నే అడిగింది. "ఎప్పటి నుంచి ఇట్లా? నిద్ర పోతోందా? గొంతులు ఇంకా వినిపిస్తున్నాయా?"

యేసయ్య నా వైపు చూశాడు. ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా అలాగే చూస్తాడు, నేను అందిస్తానని. మూడింటికీ జవాబు నాకు తెలుసు.

నేను అందించలేదు.