పందొమ్మిదో ఊపు

ఎర్ర పెన్సిల్ మొన నాలుకకు తాకించి లోనీ ప్రూయిట్ ఊపుల పట్టికలో పద్దెనిమిదో వరుస కొట్టేశాడు. అదే ఊపున పందొమ్మిదోదీ కొట్టేశాడు.

అంతరిక్షంలోకి పంపే సన్నని పొడవాటి స్తంభం రెండు వందల రకాలుగా ఊగుతుంది. దాన్ని కుదురుగా నిలబెట్టే కంప్యూటర్ పన్నెండు ఊపుల లెక్కకు మించి మోయలేదు. నెమ్మదైన పన్నెండూ ఉంచు, తక్కినవి నరుకు. హాంప్టన్ అంతరిక్ష పరిశోధనశాలలో ఇరవై ఏడేళ్లుగా అతని బతుకు ఈ నరుకుడే. మెడ వంగిపోయింది. చొక్కా జేబు అడుగున ఎర్ర మరక. ఒక్క నివేదిక మీదా అతని పేరు లేదు. అతను అడిగిందీ లేదు.

మధ్యాహ్నం పందిమాంసం పెట్టిన హామ్ బిస్కెట్ రొట్టె నములుతూ స్తంభం కొత్త పటం చూశాడు. నమలడం ఆగిపోయింది. కదలికను పసిగట్టే సెన్సర్‌ను స్తంభం కొసకు మార్చారు. పందొమ్మిదో ఊపులో ఆ కొస కొరడాలా అదురుతుంది. సెన్సర్ దాన్ని పసిగడుతుంది. లెక్కలో అది లేదు కాబట్టి, కంప్యూటర్ చెప్పినట్టు స్తంభాన్ని నిలబెట్టే మోటారు దాన్ని ఆపబోయి ఇంకా ఎగదోస్తుంది.

బాస్ కెస్లర్ గదికి వెళ్లాడు.

"పన్నెండులో ఒకటి తీసి పందొమ్మిదోది మళ్లీ చేర్చాలి బాస్."

"రేపు పరీక్ష పెట్టుకుని ఇప్పుడా? కొట్టేసింది నువ్వే కదా?"

"నేనే."

"మరింకేం!"

అక్కడ బల్ల చరచాల్సింది. చరచలేదు. "సరే బాస్" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే.

నడవాలో వెర్నీస్ ఎదురైంది. ఆ స్తంభాన్ని కడ్డీ కడ్డీగా అతికించింది ఆమే. వేళ్ల నిండా ఎండిన జిగురు.

"ఏం ముసలోడా, మూతి అలా వేలాడేశావ్? నాలుగేళ్లు పెంచాను, నా పిల్ల రేపు విరగదు కదా?"

"విరగదు."

"విరిగిందో, దాని బదులు నిన్నే వేలాడదీస్తా!"

నవ్వుకుంటూ పోయింది. సాయంత్రం దాకా అతను రబ్బరు పట్టుకుని కూర్చున్నాడు. ఐదు దాటాక కారు దగ్గరికి నడిచాడు. కాపలావాడు చూసేసరికి స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. గుండె ఆగిపోయింది.

మర్నాడు పరీక్ష ఆపలేదు. లెక్కలు చేసేవాడు చస్తే ఎవడు ఆపుతాడు? మోటారు నడిచిన నలభై సెకన్లకు కొస వణికింది. వణుకు ఆగలేదు, పెరిగింది. స్తంభం నడిమికి విరిగింది.

వెర్నీస్ తిన్నగా అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"తెలుసు కదూ నీకు? చెప్పి చావొచ్చు కదయ్యా!" అంది ఖాళీ కుర్చీతో.

బల్ల మీద సగానికి అరిగిన రబ్బరు, దాని కింద ఆ కాగితం. పందొమ్మిదో వరుస దగ్గర రుద్ది రుద్ది పల్చబడి చిరిగింది. చిరుగు చుట్టూ ఎరుపు ఇంకా అలుక్కునే ఉంది.