ఇస్కూల్, స్కూలు

యాకుత్‌పురా స్టేషన్లో ఒకనాడు పొద్దుటి బండి ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. బొగ్గు అయిపోయి కాదు, నీళ్ళు చాలక కాదు. పాయింట్స్‌మన్ దుర్గయ్య బిడ్డ లీలమ్మ ప్లాట్‌ఫారం మీద ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఇంజను నడిపే దొర దిగివచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, చివరిదాకా విన్నాక గాని బండి కదపలేదు. నమ్మని పాఠకులు ఆనాటి ప్రయాణికులను అడగవచ్చు. వాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళకు చెవులు వినపడవు.

అవి యుద్ధం రోజులు. దుర్గయ్య పని, వచ్చే బండి ఏ పట్టా మీదికి పోవాలో ఆ పట్టా కలపడం. అతని భార్య మాణిక్యమ్మ స్టేషన్ బయట చల్ల అమ్మేది. వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ లీలమ్మ పది చదివి, ఇంగ్లీషు నేర్పే పంతులమ్మ కావాలని ట్రైనింగు బడిలో చేరింది. అక్కడితో గల్లీకి మేత దొరికింది.

లీలమ్మ పొద్దున్నే వంటింట్లో నీళ్ళ కుండల ముందు నిలబడి, వేలు చూపిస్తూ గట్టిగా అనేది: "దిస్ ఈజ్ ఎ పాట్. దట్ ఈజ్ ఎ పాట్." పిల్లలకు చెప్పబోయే మొదటి పాఠాన్ని గొంతు ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ ఆపాలి అని పదిసార్లు సాధన చేసేది. కుండ అవసరమైన మాణిక్యమ్మ పాఠం అయ్యేదాకా చెంబు పట్టుకుని నిలబడేది.

ఎదురింటి అరుగు మీద బాబురావు ఉండేవాడు. కంటోన్మెంటు ఆఫీసులో ముప్పై ఏండ్లు గుమాస్తాగిరీ చేసి వచ్చినవాడు. అతని ఇంగ్లీషుకు బ్రేకులు లేవు. ఒకనాడు దుర్గయ్య డ్యూటీకి పోతుంటే పిలిచి, "ఏందయ్యా దుర్గయ్యా, పదేండ్లు సదివిన పిల్ల ఇంక కుండ కాడనే ఉన్నది? కడవ కాడికి ఎప్పుడొస్తది?" అన్నాడు. అరుగు మీదివాళ్ళంతా నవ్వారు. దుర్గయ్య కూడా నవ్వాడు గాని, ఆ నవ్వు స్టేషన్ దాకా నిలవలేదు.

తర్వాత పక్కింటి ఆగమ్మ దవాఖాన సీసా తెచ్చి, దాని మీద ఏం రాసి ఉందో చెప్పమంది. లీలమ్మ చదివింది, ఒక మాట దగ్గర ఆగింది, "ఉండు పెద్దవ్వా" అని నిఘంటువు తెరిచింది. ఆగమ్మకు గుండె జారింది. ఇంగ్లీషు పంతులమ్మ కాబోయే పిల్ల పుస్తకం చూసి చెప్పడమా! సీసా లాక్కుని బాబురావు దగ్గరికి పోయింది. ఆయన కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా, పొద్దున ఒక చెంచా మాపున ఒక చెంచా తాగమన్నాడు. అది మోకాళ్ళకు రాసుకునే మందు. ఒక్క చెంచాకే ఆగమ్మ రెండు రోజులు కర్పూరం వాసనతో తేన్చింది. చిత్రమేమంటే, ఆ తర్వాత కూడా గల్లీలో మర్యాద బాబురావుకే దక్కింది. తడుముకోకుండా చెప్పాడు కదా! తెలియని మాటను వెతికి చూసిన పిల్లకు ఇంగ్లీషు రాదని తీర్మానం జరిగిపోయింది.

చివరి దెబ్బ అంజన్ కొట్టాడు. అతను ట్రైనింగు బడి వంటింటికి పాలు పోసేవాడు. ఒకనాడు వంటింటి కిటికీలోంచి చూస్తే లీలమ్మ చిన్నపిల్లల బల్ల మీద కూర్చుని ఉంది. లేచి "ఐ యామ్ స్టాండింగ్" అంటున్నది, కూర్చుని "ఐ యామ్ సిట్టింగ్" అంటున్నది. ట్రైనింగులో ఒకరు పంతులమ్మ అయితే తక్కినవాళ్ళు పిల్లలై కూర్చుంటారని పాపం అతనికేం తెలుసు? పాలతోపాటు ఇంటింటికీ ఆ కబురు కూడా పోశాడు. సాయంత్రానికి లీలమ్మ ఫేలై ఒకటో తరగతిలో పడిందని యాకుత్‌పురా అంతటికీ తెలిసిపోయింది.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. ఆ రైలును ఆపింది లీలమ్మ ఇంగ్లీషు కాదు, అంజన్ బర్రె. అది పట్టాల నడుమ పడుకుని లేవనన్నది. దాన్ని అదిలించింది లీలమ్మే, అదీ అచ్చమైన తెలుగులో. దొర టోపీ తీసింది చెమట తుడుచుకోవడానికి. జరిగినదాన్ని ఇంగ్లీషు కథగా మార్చి ముందు చెప్పింది దుర్గయ్య, టోపీని చంకలో పెట్టింది నేను. ఇలా గొప్పలు చెప్పిన నోళ్ళే ఆ పిల్ల నెత్తిన మోయలేనంత బరువు పెట్టాయి. దొరను నిలబెట్టిన పిల్ల కుండ దగ్గర ఆగిందంటే ఎవరు సహిస్తారు?

దుర్గయ్య సహించలేకపోయాడు. ఇంటికి వచ్చి, "రేపటి సంది బడి బందు" అన్నాడు.

రేపే ట్రైనింగు బడిలో లీలమ్మకు ఆఖరి పరీక్ష. ఇన్‌స్పెక్టరమ్మ సుశీలమ్మ గారి ముందు నిజం పిల్లలకు పాఠం చెప్పాలి. తప్పితే సర్టిఫికెట్టు లేదు, జహనుమా ఆడపిల్లల బడిలో ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగం లేదు. ఆమె ఏడవలేదు.

"నాయినా, నువ్వు పట్టా కలిపేటోనివి. ఇంజను నడుపుడు రాదేందని నిన్ను ఎవరన్న అడిగిన్రా?"

మాటలో ఓడిన తండ్రులు సాధారణంగా చేసే పనే దుర్గయ్య చేశాడు: ఇంకా గట్టిగా వద్దన్నాడు.

మరునాడు అతను పొద్దుటి డ్యూటీ దిగి వచ్చేసరికి లీలమ్మ బడికి పోయింది. దుర్గయ్య మాణిక్యమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ట్రైనింగు బడి ఆడవాళ్ళది కనుక వాకిలికి మందపాటి తెర ఉంది, మగవాళ్ళకు లోపలికి దారి లేదు. కాపలాదారు ఖాదర్ మియా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బిడ్డను పిలుచుకురమ్మని దుర్గయ్య భార్యను లోపలికి పంపి, గోడ పక్కన నిలబడ్డాడు. మాణిక్యమ్మ పోయింది. పోయిన మనిషి రాలేదు.

గోడ అవతల పాఠం నడుస్తున్నది. లీలమ్మ ఏదో బొమ్మ చూపించి ఒక పిల్లను అడిగినట్టుంది. జైబున్నిసా అనే ఆ పిల్ల "ఇస్కూల్" అన్నది. కొమురమ్మ అనే ఇంకో పిల్లను అడిగింది. "స్కూలు" అన్నది. తరగతి గొల్లున నవ్వింది. దుర్గయ్య కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, బిడ్డ పరువు పోయింది అనుకున్నాడు.

లీలమ్మ గొంతు మాత్రం తొణకలేదు. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో చెప్పింది: "నవ్వకుండ్రి. నేను గూడ మూడేండ్లు స్కూలు, స్కూలు అనే అన్న. తెలుగు నోరు మాట చివర ‘ఉ’ తగిలిస్తది. ఉర్దూ నోరు మాట ముందు ‘ఇ’ తగిలిస్తది. కొమురమ్మ మొదలు బాగున్నది, జైబు చివర బాగున్నది. ఇద్దరు చెయ్యి పట్టుకోండ్రి. కొమురమ్మ మొదలుపెట్టు, జైబు ముగించు."

"స్కూ…" అన్నది ఒక గొంతు. "…ల్" అన్నది రెండోది.

మళ్ళీ, మళ్ళీ. తర్వాత ఒక్కొక్కరే. నాలుగోసారికి ఆ మాట ముందు ముక్క, వెనక ముక్క తేడా తెలియకుండా అతుక్కుంది. పట్టా సరిగ్గా కలిసినప్పుడు ఏ చప్పుడు వస్తుందో దుర్గయ్య చెవికి తెలుసు. అతను కళ్ళు తెరిచాడు.

తర్వాతి మాట ‘స్టేషన్’. ఇరవై ఏండ్లుగా అక్కడ పనిచేస్తూ ‘టేషను’ అంటున్న దుర్గయ్య, ఎవరూ చూడటం లేదనుకుని, గోడ వైపు తిరిగి మెల్లగా "స్టేషను" అన్నాడు. వెనకనుంచి ఖాదర్ మియా "ఇస్టేషన్" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కొంచెం సిగ్గుపడ్డారు.

"నువు మొదలుపెట్టు భాయ్. నేను ముగిస్తా" అన్నాడు ఖాదర్ మియా.

"స్టే…"

"…షన్."

మూడోసారికి దుర్గయ్య ఒక్కడే ఆ మాటను తోక లేకుండా అన్నాడు. బిడ్డ తనను చూడనైనా చూడలేదు, గోడ అడ్డం ఉంది, అయినా నేర్పింది. ముప్పై ఏండ్ల ఇంగ్లీషు ఉన్న బాబురావు ఎదురుగా కూర్చుని రోజూ వినిపిస్తున్నా, ఒక్క ముక్క తనకు అంటలేదన్న సంగతి అప్పుడు తట్టింది అతనికి. లోపల పిల్లలంతా ఒక్క గొంతుతో ‘స్కూల్’ అన్నారు. ఆ మాట తెర దాటి, వాకిలి దాటి, సడక్ మీద పోతున్న టాంగా గుర్రం చెవులు రిక్కించేదాకా పోయింది.

గంట కొట్టారు. తెర వెనక అలికిడి అయింది. దుర్గయ్య తెర దగ్గరికి జరిగి, "అమ్మా, మా బిడ్డకు ఇంగ్లీషు వస్తదా?" అని అడిగాడు.

సుశీలమ్మ గారు తెర వెనకనుంచి ఇలా అన్నారు: "చూడండి దుర్గయ్యగారూ, అన్ని మాటలూ వచ్చినవాళ్ళే నేర్పాలంటే లోకంలో ఒక్క బడి ఉండదు. గడగడా మాట్లాడేవారికి దారి మీద రాళ్ళున్నాయని తెలియదు. తడబడి, లేచి, ఎక్కడ తడబడ్డదో గుర్తుపెట్టుకున్న మనిషే ఇంకొకరిని చెయ్యి పట్టుకుని నడిపించగలదు. మీ బిడ్డ ‘కుండ’ అని పదిసార్లు అన్నది తనకు రాక కాదు, పిల్లలకు రావాలని."

లీలమ్మ నెగ్గింది. జహనుమా బడిలో పంతులమ్మ అయింది. తొలి ఏడు ఆమె తరగతిలో ముందు వరుసలో కూర్చున్నది బాబురావు మనుమరాలు. తాత నేర్పితే ఏడ్చి పారిపోయిన పిల్ల, లీలమ్మ దగ్గర సెలవునాడు కూడా బడికి పోతానని లొల్లి చేసేది. దుర్గయ్య స్టేషన్లో కనపడినవారినల్లా ఆపి, అడిగినా అడగకపోయినా, "స్టేషన్" అనేవాడు.

పాఠకులారా, ఈ కథలో ఇంకొక్కటి నేను కల్పించాను. సుశీలమ్మ గారు ఆనాడు ఎవరితోనూ మాట్లాడలేదు. పుస్తకంలో ‘పాస్’ అని రాసి, టాంగా ఎక్కి వెళ్ళిపోయారు. తెర వెనకనుంచి మాట్లాడింది మాణిక్యమ్మ. బిడ్డను పిలుచుకురాబోయి, పాఠం చివరిదాకా కింద కూర్చుని విన్నది ఆమె. అక్షరం ముక్క రాని, చల్ల అమ్మే మనిషి మాట అంటే మీరు పేజీ తిప్పేస్తారని భయపడి, దాన్ని సాగదీసి ఇన్‌స్పెక్టరమ్మ నోట పెట్టాను. ఆ తప్పు నాది, కొంత మీది కూడా. నిజానికి ఆమె అన్నది ఇంతే:

"భాష వచ్చుడు వేరయ్యా, నేర్పుడు వేరు. మన బిడ్డకు రెండోది వచ్చింది."